మందుకంటే ముందు రాస్ రిపోర్టు

క్యాన్సర్ కణితి ముక్కల్లో జన్యువులు చదివే ల్యాబ్‌లో నా ఉద్యోగం. పేషెంట్లు మాకు కనబడరు. మైనంలో పొదిగిన బయాప్సీ బ్లాకులు వస్తాయి, మా దగ్గర్నుంచి రిపోర్టులు వెళ్తాయి. ఫోన్లు మాత్రం ఇంటివాళ్ళే చేస్తారు. పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవాళ్ళ ఇళ్ళ నుంచి తరచుగా వినే మాట ఇది: "సార్, కేరాస్ మ్యూటేషన్ పాజిటివ్ అని వచ్చింది. అందుకని ఆ ఇంజెక్షన్ ఇవ్వనంటున్నారు. డబ్బుకి మేం వెనకాడట్లేదు, ఎలాగైనా ఇప్పించే దారి లేదా?"

దానికి జవాబు చెప్పాల్సింది వాళ్ళ డాక్టరు, నేను కాదు. కానీ ఆ ప్రశ్న వెనకున్న నమ్మకం నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. మందు అంటే వైద్యం, పరీక్ష అంటే ఖర్చు. ఖరీదైన మందు ఇవ్వకపోతే ఏదో అన్యాయం జరిగినట్టు. ఈ నమ్మకం పేషెంట్ల ఇళ్ళలోనే లేదు. ఆస్పత్రుల్లో, ఇన్సూరెన్స్ ప్యాకేజీలు రాసేవాళ్ళలో కూడా ఉంది. ఏ మందు ఎవరికి పనిచేయదో ముందే చెప్పే పరీక్ష కూడా వైద్యమేనని, దానికి మందుతో సమానంగా డబ్బూ శ్రద్ధా పెట్టాలని నా వాదన. ఆ కేరాస్ కూడా ఒక రకమైన రాసే. రాస్ అనే ఈ చిన్న ప్రోటీన్ చరిత్ర చూస్తే ఇది వాదించాల్సిన విషయమే కాదనిపిస్తుంది.

1964లో లండన్‌లో జెన్నిఫర్ హార్వే అనే శాస్త్రవేత్త, చిట్టెలుకల్లో రక్త క్యాన్సర్ తెప్పించే ఒక వైరస్‌ను పెద్ద ఎలుకల్లోకి ఎక్కించారు. ఆ ఎలుకల నుంచి తీసిన ద్రవాన్ని మళ్ళీ చిట్టెలుక పిల్లలకిస్తే, ఈసారి రక్త క్యాన్సర్‌తో పాటు గట్టి కణితులు కూడా వచ్చాయి. మూడేళ్ళ తర్వాత షికాగోలో వెర్నర్ కిర్‌స్టెన్‌కి అలాంటి వైరసే ఇంకొకటి దొరికింది. సార్కోమా అంటే ఒక రకం గట్టి కణితి. ఎలుక సార్కోమాకి ఇంగ్లీషు మాటలైన ర్యాట్ సార్కోమా నుంచే రాస్ అన్న పేరు పుట్టింది. హెచ్‌రాస్‌లో హెచ్ హార్వేది, కేరాస్‌లో కే కిర్‌స్టెన్‌ది. తర్వాత అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో ఎడ్వర్డ్ స్కోల్నిక్ బృందం చూపించిన సంగతి అసలైన మలుపు. కణితి తెప్పించే ఆ జన్యువు వైరస్ సొంతం కాదు. ఎలుక కణంలోంచి వైరస్ ఎత్తుకొచ్చింది. అంటే ఆరోగ్యంగా ఉన్న కణంలోనే ఆ జన్యువు ఎప్పట్నుంచో ఉంది.

మరి మనిషి క్యాన్సర్‌లో అది ఏమవుతోంది? 1982లో ఒకేసారి మూడు బృందాలు జవాబు చెప్పాయి. ఎంఐటీలో రాబర్ట్ వైన్‌బర్గ్, కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో మైకేల్ విగ్లర్, అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో మారియానో బార్బాసిడ్. మూత్రాశయ క్యాన్సర్ కణాల నుంచి తీసిన హెచ్‌రాస్ జన్యువుని, మామూలు హెచ్‌రాస్‌ని పక్కపక్కన పెట్టి చదివితే, క్యాన్సర్‌కి కారణమైన తేడా ఒక్క అక్షరం. డీఎన్‌ఏ అక్షరాల్లో జీజీసీ ఉండాల్సిన చోట జీటీసీ. దానివల్ల ప్రోటీన్‌లో పన్నెండో స్థానంలో గ్లైసీన్ పోయి వ్యాలీన్ వచ్చింది. బార్బాసిడ్ బృందం వ్యాసంలో మొదటి రచయిత ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి. హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్ళినవారు. మనిషి క్యాన్సర్ జన్యువులో మొదటి అక్షర దోషాన్ని చదివినవాళ్ళలో మన ఉస్మానియా విద్యార్థి ఉన్నారని నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

ఆ పన్నెండో స్థానం ఎందుకంత ముఖ్యం? నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే నచ్చే భాగం ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

రాస్ 190 అమైనో ఆమ్లాలు కూడా లేని ప్రోటీన్. కణం పొర లోపలివైపు అతుక్కుని ఉంటుంది. బయట నుంచి "పెరుగు" అని కబురు తెచ్చే అణువు కణం పైనున్న ఈజీఎఫ్ఆర్ లాంటి గ్రాహకాన్ని తాకితే, లోపల సాస్ అనే ప్రోటీన్ కదిలి రాస్ దగ్గరికొస్తుంది. అప్పటిదాకా రాస్ చేతిలో ఉన్న జీడీపీ అనే చిన్న అణువు జారిపోయి, దాని చోట ఇంకో ఫాస్ఫేట్ ఎక్కువున్న జీటీపీ చేరుతుంది. రాస్ ఆకారం మారుతుంది. ఇప్పుడది ఆన్. ఆ ఆకారంలో ఉన్నప్పుడే అది రాఫ్ అనే ఇంకో ప్రోటీన్‌ని పట్టుకోగలదు. రాఫ్ మెక్‌ని, మెక్ ఎర్క్‌ని తట్టిలేపుతాయి. ఎర్క్ కేంద్రకంలోకి వెళ్ళి కణ విభజనకి కావాల్సిన జన్యువుల్ని నడిపిస్తుంది. పీఐ3కే అనే ఇంకో దారిలో, చావకుండా బతికుండమనే కబురు కూడా రాస్ నుంచే వెళ్తుంది.

ఆన్ అవడం ఎంత అవసరమో, పని కాగానే ఆఫ్ అవడం అంతకంటే అవసరం. జీటీపీని కోసి జీడీపీగా మార్చడం రాస్ సొంతంగా చేయగలదు గానీ మరీ నెమ్మదిగా చేస్తుంది. అందుకు సాయం చేసే గ్యాప్ అనే ప్రోటీన్‌ని 1987లో ఫ్రాంక్ మెక్‌కార్మిక్ ప్రయోగశాల కనిపెట్టింది. గ్యాప్ వచ్చి తన ఆర్జినీన్‌ని ఒక వేలులా రాస్ లోపలికి, సరిగ్గా జీటీపీ పక్కకి చొప్పిస్తుంది. క్షణంలో జీటీపీ తెగిపోతుంది. ఆ వేలు దూరే సందు పక్కనే పన్నెండో గ్లైసీన్ ఉంటుంది. అమైనో ఆమ్లాలన్నిటిలో చిన్నది గ్లైసీన్. దానికి పక్క గొలుసు అంటూ ఏమీ లేదు, ఒక హైడ్రోజన్ తప్ప. ఆ చోటుకి వ్యాలీన్ రానీయండి, ఆస్పార్టేట్ రానీయండి, సిస్టీన్ రానీయండి, ఏదొచ్చినా వేలికి అడ్డమే. రాస్ ఆఫ్ కాదు. బయట కబురు ఉన్నా లేకపోయినా లోపల "పెరుగు, పెరుగు" అని ఆర్డర్లు వెళ్తూనే ఉంటాయి.

క్యాన్సర్ పేషెంట్లలో దాదాపు ఐదో వంతు మందిలో ఏదో ఒక రాస్ మారి ఉంటుంది. అందులోనూ నాలుగింట మూడు వంతులు కేరాసే. క్లోమ క్యాన్సర్‌లో పదిలో తొమ్మిది మందికి, పెద్దపేగు క్యాన్సర్‌లో నూటికి నలభై మందికి పైగా కేరాస్ మారి ఉంటుంది.

ఇప్పుడు ఆ ఇంజెక్షన్ సంగతికొస్తాను. పేరు సెటుక్సిమాబ్. ఈజీఎఫ్ఆర్‌ని కణం బయట నుంచి పట్టుకుని, కబురు అందకుండా అడ్డుకునే యాంటీబాడీ. రాస్ మామూలుగా ఉన్నవాళ్ళకి ఇది మంచి మందు. రాస్ మారినవాళ్ళకి? బోరు మోటారు స్టార్టర్‌లో పాయింట్లు అతుక్కుపోయాయనుకోండి. మోటారు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు పచ్చ బటన్ ఎవరూ నొక్కకుండా కాపలా కాస్తే మోటారు ఆగుతుందా? ఈజీఎఫ్ఆర్‌కీ రాస్‌కీ మధ్య ఉన్న ఈ దారి 1993 నాటికే పరిశోధకులకి తెలుసు. అయినా 2004లో అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్‌కి ఈ మందు అనుమతి పొందినప్పుడు, రాస్ చూసి ఇవ్వమని ఎవరూ అనలేదు.

2008లో వచ్చిన ఒక అధ్యయనం సంగతి తేల్చింది. కెనడా, ఆస్ట్రేలియా వైద్యులు అంతకుముందు 572 మంది మీద చేసిన సెటుక్సిమాబ్ ట్రయల్‌లో, 394 మంది కణితి ముక్కలు ఇంకా పరీక్షకి పనికొచ్చే స్థితిలో ఉన్నాయి. వాటిలో కేరాస్ చదివారు. కేరాస్ మామూలుగా ఉన్నవాళ్ళు మందు తీసుకుంటే సగటున 9.5 నెలలు బతికారు, తీసుకోకపోతే 4.8 నెలలు. కేరాస్ మారినవాళ్ళు మందు తీసుకుంటే 4.5 నెలలు, తీసుకోకపోతే 4.6. ఏ తేడా లేదు. మొహం నిండా మొటిమల్లా దద్దుర్లు, మెగ్నీషియం పడిపోవడం, ఇంజెక్షన్ కోసం ఆస్పత్రి చుట్టూ తిరగడం మాత్రం ఇద్దరికీ సమానమే. 2009లో అమెరికాలో, కేరాస్ మారినవాళ్ళకి ఇవ్వొద్దని మందు లేబుల్ మార్చారు.

అంతకంటే కఠినమైన నిజం ఇంకొకటి ఉంది. ఇదే రకానికి చెందిన పానిటుముమాబ్ అనే మందుని కీమోతో కలిపి ఇచ్చిన ప్రైమ్ ట్రయల్‌లో, కేరాస్ మారినవాళ్ళకి మేలు జరగకపోవడం అటుంచి కీడు జరిగింది. కీమో ఒక్కటే తీసుకున్నవాళ్ళలో జబ్బు 8.8 నెలలు అదుపులో ఉంటే, ఈ మందు కలిపినవాళ్ళలో 7.3 నెలలే. "పోతే డబ్బే కదా, ప్రయత్నిస్తే తప్పేముంది" అనే మాటకి ఇదే నా జవాబు. పోయేది డబ్బొక్కటే కాదు.

అందుకే ఫోన్‌లో ఆ కొడుకో కూతురో అడుగుతున్నప్పుడు నాకు చెప్పాలనిపిస్తుంది: మీ నాన్నగారికి ఈ రిపోర్టు వల్ల అన్యాయం జరగలేదమ్మా, ఈ రిపోర్టు ఆయన్ని కాపాడింది. మిగతా కీమో ఉంది, దానితో కలిపి ఇచ్చే బెవాసిజుమాబ్ లాంటివి ఉన్నాయి. ఆ డబ్బూ, ఆయన ఒంట్లో ఉన్న శక్తీ వాటికి మిగిలాయి.

పరీక్ష చేయకుండా మందు వేసే అలవాటు వల్ల మందులే చెడ్డపేరు మోసిన సందర్భం కూడా రాస్ చరిత్రలో ఉంది. రాస్ కణం పొరకి అతుక్కోవాలంటే దాని తోకకి ఫార్నెసిల్ అనే కొవ్వు ముక్క తగిలించాలి. ఆ తగిలింపుని ఆపితే రాస్ పనిచేయదన్న ఆలోచనతో 1990ల్లో పెద్ద కంపెనీలన్నీ ఫార్నెసిల్ నిరోధకాల వెంటపడ్డాయి. ఎలుకల్లో బ్రహ్మాండంగా పనిచేశాయి. మనుషుల్లో వరసగా విఫలమయ్యాయి. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడింది హెచ్‌రాస్. మనుషుల్లో ఎక్కువగా ఉన్నది కేరాస్. ఫార్నెసిల్ దొరక్కపోతే కేరాస్ దాని చుట్టం లాంటి ఇంకో కొవ్వుని తగిలించుకుని బతికిపోతుంది. హెచ్‌రాస్‌కి ఆ తెలివి లేదు. చాలా ఏళ్ళ తర్వాత, టిపిఫార్నిబ్ అనే అదే పాత మందుని హెచ్‌రాస్ మారిన తల, మెడ క్యాన్సర్ పేషెంట్లకి మాత్రమే ఏరి ఇచ్చారు. 2021లో ప్రచురించిన ఆ ఫలితాల్లో, కణితిలో హెచ్‌రాస్ మార్పు ఎక్కువ పాళ్ళలో ఉన్న 20 మందిలో 11 మందికి కణితులు తగ్గాయి. నోటి క్యాన్సర్ ఇంత ఎక్కువగా ఉన్న మన దేశంలో హెచ్‌రాస్ మార్పు కొద్ది శాతం మందిలోనే ఉన్నా, ఆ కొద్ది శాతం అంటే ఎంతమంది మనుషులో ఆలోచించండి.

ఇక కేరాస్ మీద సూటిగా పనిచేసే మందు. ముప్ఫై ఏళ్ళ పాటు అది అసాధ్యమనే అన్నారు. జీటీపీని రాస్ పట్టుకునే పట్టు విపరీతమైనది, కణంలో జీటీపీకి కొరతా లేదు, కాబట్టి దాన్ని తోసేసి మందు కూర్చోవడం కుదరదు. మిగతా ఉపరితలమంతా నున్నగా ఉంటుంది, మందు దూరడానికి గుంట కనబడదు. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కెవన్ షోకట్ బృందం ఒక్క రకం మార్పునే లక్ష్యంగా పెట్టుకుంది: పన్నెండో గ్లైసీన్ చోట సిస్టీన్ వచ్చిన జి12సి. సిస్టీన్‌లో గంధకం ఉంటుంది, దానికి రసాయన బంధంతో అతుక్కునే అణువుని తయారు చేయొచ్చు. అలా అతుక్కునే అణువుల్ని వెతుకుతుంటే, అంతకుముందు ఎవరికీ కనబడని ఒక గుంట ఆ అణువు కింద తెరుచుకుంది. 2021 మే 28న ఆ గుంటలో కూర్చునే మాత్ర సోటోరాసిబ్ అమెరికాలో అనుమతి పొందింది. హార్వే ఎలుకల నుంచి 57 ఏళ్ళు.

ఆ రోజు మా ల్యాబ్‌లో అందరం నిజంగా సంతోషపడ్డాం. ఇప్పటికీ ఆ సంతోషం తగ్గలేదు. కానీ "క్యాన్సర్‌కి మందు దొరికింది" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు చూస్తే భయమేస్తుంది. అనుమతికి ఆధారమైన ట్రయల్‌లో, జి12సి ఉన్న ఊపిరితిత్తుల క్యాన్సర్ పేషెంట్లలో 37 శాతం మందికి కణితులు చెప్పుకోదగ్గంత తగ్గాయి. జబ్బు అదుపులో ఉన్న కాలం సగటున 6.8 నెలలు. తర్వాత పాత కీమో మందు డోసిటాక్సెల్‌తో పోల్చిచూస్తే 5.6 నెలలకి 4.5 నెలలు. మొత్తం బతికిన కాలంలో తేడా తేలలేదు. 2023 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనికి పూర్తిస్థాయి అనుమతి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఇది గొప్ప మొదటి అడుగు, అంతే. పైగా జి12సి ఎక్కువగా పొగతాగేవాళ్ళ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కనబడుతుంది. క్లోమ క్యాన్సర్‌లో, పెద్దపేగులో మేం ఎక్కువగా రాసేది జి12డి, జి12వి, అంటే అదే చోట ఆస్పార్టేట్, వ్యాలీన్ వచ్చినవి. వాటిలో ఆ గంధకం లేదు. ఆ మాత్ర వాటి మీద పనిచేయదు.

పెద్దపేగులో జి12సి ఉన్న కొద్దిమంది సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. సోటోరాసిబ్ ఒక్కటే ఇస్తే పదిమందిలో ఒకరికి కూడా కణితి తగ్గలేదు. రాస్‌ని మూసేయగానే పేగు కణాలు ఈజీఎఫ్ఆర్ నుంచి కబుర్లు పెంచుకుని తప్పించుకుంటున్నాయి. అందుకని పానిటుముమాబ్ కలిపి ఇచ్చారు. అప్పుడు నలుగురిలో ఒకరికి పైగా తగ్గింది. 2025 జనవరిలో అమెరికాలో ఈ జోడీకి అనుమతి వచ్చింది. అంటే రాస్ మారితే ఇవ్వకూడదని చెప్పుకున్న ఆ మందే, రాస్‌లో ఒక ప్రత్యేకమైన మార్పు ఉండి, పక్కన సరైన మాత్ర ఉంటే పనికొస్తోంది. "కేరాస్ పాజిటివ్" అని రెండు మాటలు రాసిచ్చే రిపోర్టు ఇక ఎవరికీ సరిపోదు. ఏ రాస్, ఎన్నో స్థానం, ఏ అక్షరం పోయి ఏ అక్షరం వచ్చింది అన్నీ ఉండాలి.

"నెగెటివ్" అనే రిపోర్టులకీ ఇదే వర్తిస్తుంది. పన్నెండు, పదమూడు స్థానాలు మాత్రమే చూసి అంతా మామూలే అని రాయడం చౌక. ప్రైమ్ ట్రయల్ ముక్కల్నే మళ్ళీ చదివినప్పుడు, అలా మామూలే అనుకున్నవాళ్ళలో 17 శాతం మందికి కేరాస్‌లో వేరే చోట్లో, ఎన్‌రాస్ అనే ఇంకో రకం రాస్‌లోనో మార్పులు దొరికాయి. వాళ్ళకీ ఆ మందు పనిచేయదు. 59, 61, 117, 146 స్థానాలు, కేరాస్‌తో పాటు ఎన్‌రాస్ కూడా చూశారా అని అడగడం పేషెంట్ హక్కు. సగం పరీక్ష చేసి పూర్తి మందు రాయడాన్ని నేను సమర్థించలేను.

పరీక్ష ఖరీదెక్కువ అంటారు. దేనితో పోల్చి? ఒక పేషెంట్‌కి కొన్ని నెలల యాంటీబాడీ లక్షల్లో ఉంటుంది. నూరుమంది పెద్దపేగు పేషెంట్లకి రాస్ చూస్తే నలభై మందికి పైగా ఆ లక్షలు మిగులుతాయి. ఆరోగ్య పథకం నడిపే ప్రభుత్వానికైనా, ఇన్సూరెన్స్ కంపెనీకైనా ఇంతకంటే లాభం తెచ్చే ఖర్చు ఏముంది? మందు ప్యాకేజీ ఆమోదించే కాగితంలోనే పరీక్ష డబ్బు కూడా కలిపి ఉండాలి. "ముందు మీరు బయట టెస్ట్ చేయించుకురండి, తర్వాత చూద్దాం" అని పేషెంట్‌ని పంపేయడం వల్ల వారాలు పోతాయి. స్థోమత లేనివాళ్ళు అక్కడే ఆగిపోతారు.

మందు ధర మాట కూడా వదలను. రాస్ కింద ఉన్న రాఫ్‌ని ఆపాలని వెతుకుతూ కనిపెట్టిన మందు సొరాఫెనిబ్. చివరికి మూత్రపిండాల, కాలేయ క్యాన్సర్లలో, ఎక్కువగా రక్తనాళాల గ్రాహకాల్ని అడ్డుకోవడం ద్వారా పనికొచ్చింది. భారత్‌లో నెలకి దాదాపు 2,80,000 రూపాయలుండేది. పేటెంట్ ఉన్న మందుని వేరే కంపెనీ చేసుకోవడానికి ఇచ్చే తప్పనిసరి లైసెన్సు, మన దేశంలో మొట్టమొదటిది, 2012 మార్చిలో హైదరాబాద్ కంపెనీ నాట్కోకి ఇచ్చింది ఈ మందు కోసమే. ధర నెలకి 8,800 రూపాయలకి దిగింది. రేపు రాస్ మాత్రల ధరలూ దిగొచ్చు, దిగాలి. కానీ ధర తగ్గిన మందుని రాస్ చదవకుండా అందరికీ పంచితే, 2004లో జరిగిందే చౌకగా మళ్ళీ జరుగుతుంది.

ఫోన్లలో వచ్చే ఇంకో ప్రశ్నకి ఇక్కడే చెప్తాను, ఎందుకంటే దీనివల్ల ఇళ్ళలో చాలా టెన్షన్ ఉంటుంది. కణితిలో కనబడిన కేరాస్ మార్పు ఆ కణితిలో పుట్టింది. తండ్రి నుంచి పిల్లలకి వచ్చేది కాదు. పుట్టుకతోనే రాస్ దారిలో మార్పులుండే నూనన్ సిండ్రోమ్ లాంటివి ఉన్నాయి గానీ అవి వేరే జబ్బులు, చిన్నతనంలోనే గుండెలో, ఎదుగుదలలో తేడాలతో బయటపడతాయి. మీ అమ్మగారి పేగు ముక్కలో జి12డి ఉందని మీ అబ్బాయికి కేరాస్ పరీక్ష చేయించక్కర్లేదు. కుటుంబంలో చాలామందికి పేగు క్యాన్సర్ ఉంటే చూడాల్సిన జన్యువులు వేరు, దానికి డాక్టర్ని అడగండి.

క్లోమ క్యాన్సర్‌లో ఇప్పుడు పెద్ద ట్రయల్స్ దాకా వచ్చిన డారాక్సన్‌రాసిబ్ మీద నాకు ఆశ ఉంది. ఇది ఒక్క రకం మార్పు కోసం చేసింది కాదు. కణంలోనే ఉండే సైక్లోఫిలిన్ అనే ప్రోటీన్‌ని ముందు పట్టుకుని, ఆ జంటగా వెళ్ళి ఆన్‌లో ఉన్న రాస్‌ని కప్పేస్తుంది. ఇలాంటి మందు ఏది వచ్చినా, ఎవరికిస్తారు అన్నది మళ్ళీ కణితి ముక్క దగ్గరికే వస్తుంది. ఇక్కడే మన పరిస్థితి నన్ను బాగా కలవరపెడుతుంది. జిల్లాల నుంచి వచ్చే బ్లాకుల్లో కొన్ని, ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో సరిగ్గా ఉంచక డీఎన్‌ఏ ముక్కలై వస్తాయి. కొన్నిట్లో కణితి కణాలే చాలవు. కొన్ని అసలు దొరకవు: "ఆపరేషన్ వేరే ఊళ్ళో అయింది సార్, బ్లాకు సంగతి మాకెవరూ చెప్పలేదు." 2008 నాటి ఆ అధ్యయనం కుదిరింది 394 మంది ముక్కల్ని ఎవరో జాగ్రత్తగా దాచబట్టే.

మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఆపరేషనో బయాప్సీయో అయితే, డిశ్చార్జ్ కాగితాలతో పాటు హిస్టోపాథాలజీ రిపోర్టు, దాని మీదున్న బ్లాకు నంబరు అడిగి తీసుకోండి. బ్లాకుని ఎన్నేళ్ళు ఉంచుతారో అడగండి. వేరే ఆస్పత్రికి మారుతుంటే, బ్లాకుని వెంట ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. ఇచ్చిన బ్లాకుని ఎండ తగిలే కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి, మైనం కరుగుతుంది.